కార్తీకంలో పెళ్లి, వేసవిలో కాగితం

"సింగిల్ అని ఉందమ్మా," అన్నాడు సుశాంత్.

మెల్లిగానే అన్నాడు పాపం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను రొదలో కలిసిపోవలసిన మాట కాస్తా గది నలుమూలలకీ వెళ్లి కూర్చుంది. గోడవార బల్ల మీద తమ వంతు కోసం చూస్తున్నవాళ్లు ఫోన్లలోంచి తలలెత్తి సుధ వంక చూశారు. ఆ తలల్లో వెంకమ్మది కూడా ఒకటి. రంగూన్ చిమిండైంగ్ బజారులో సుధ అత్తగారి పప్పుల కొట్టుకి ఎదురుగా పూలమ్ముతుంది వెంకమ్మ. కొడుకు సింగపూరు పర్మిట్టు పని మీద వచ్చిందట. ఇక ఈ కబురు బజారుకి చేరడానికి వేరే వాహనం అక్కర్లేదు.

"సింగిల్ అంటే?" అంది సుధ. బి.ఎస్సీ. ప్యాసైన మనిషి, ఆ మాటకి అర్థం తెలియక కాదు. ఒక్కోసారి మనిషి తెలిసిన మాటకే అర్థం అడుగుతుంది, ఎదుటివాళ్లు ఇంకోటేమైనా చెబుతారేమోనని.

"పెళ్లి కానివాడని. మీ ఆయన అమెరికాలో ఆ ఏడు పన్ను కాగితం అలా వేశాడు."

సుశాంత్ ఆ కాగితాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాడు. అతనిది గంజాం కుటుంబం. తల్లితో ఒడియా, వచ్చినవాళ్లతో తెలుగు, ఆఫీసర్లతో బర్మా, కాగితాలతో ఇంగ్లీషు మాట్లాడతాడు. రంగూన్లో మనవాళ్లు దేశం దాటాలంటే ముందు అతని ఆఫీసు మెట్లెక్కాలి. ఆ మెట్లూ తక్కువేం కావు, ఎక్కేసరికి దేశం దాటినంత ఆయాసం వస్తుంది.

"మీ పెళ్లి గుడిలో కార్తీకంలో అయింది. అంటే నవంబరు. వీసా దరఖాస్తులో అదే తేదీ వేశాం. కోర్టు కాగితం తీసుకున్నది మరుసటేడు వేసవిలో, మీ ఆయన మళ్లీ సెలవు మీద వచ్చినప్పుడు. అవునా? ఇప్పుడు ఎంబసీవాళ్లు మూడేళ్ల పన్ను కాగితాలు అడిగారు. అమెరికా పద్ధతి ఏమిటంటే, డిసెంబరు ఆఖరి రోజుకి పెళ్లయి ఉంటే ఆ ఏడంతా పెళ్లయినట్టే. ఈ కాగితంలో పెళ్లయింది, ఆ కాగితంలో అవలేదు. ఇంటర్వ్యూలో ఆఫీసరు వేలు పెట్టేది ఇక్కడే."

ఇంటర్వ్యూ వచ్చే వారం. ఆ తేదీ కోసం సుధ ఎన్ని శనివారాలు ఉపవాసం ఉందో ఆ శనీశ్వరుడికే ఎరుక.

"మరేం చెయ్యాలి?"

సుశాంత్ గొంతు ఇంకొంచెం తగ్గించాడు. బల్ల మీదివాళ్లు ఇంకొంచెం ముందుకి వంగారు.

"తొందర దారి ఒకటుంది. గుడిలో జరిగింది పెళ్లి కాదు, నిశ్చితార్థం అని గుడి పెద్దచేత ఒక ఉత్తరం రాయించండి. మా ఆచారంలో కోర్టులో రాసుకున్నాకే పెళ్లి అని మీ అత్తగారు ప్లీడరు దగ్గర ప్రమాణం చేసి సంతకం పెడతారు. దరఖాస్తులో తేదీ పొరపాటున పడిందని నేను దిద్దుతాను. అప్పుడు ఆ ఏడు మీ ఆయన సింగిలే. అన్నీ అతుకుతాయి."

"నేను కార్తీకం నుంచీ అత్తారింట్లోనే ఉన్నాను కదండీ."

సుశాంత్ కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "అది ఎవరూ అడగరమ్మా," అన్నాడు.

మెట్లు దిగుతుంటే వెంకమ్మ వెనకాలే వచ్చింది. "ఏటే సుదా, ఆ బాబు ఏదో అంటన్నాడు. ఏటి కాలేదంట?" అని అడిగింది, అన్నీ విని కూడా.

"కరెంటు లేదు పిన్నీ, నాకూ సరిగ్గా వినపడలేదు," అంది సుధ.

*

మర్నాడు పొద్దున్నే అత్తగారు వీరలక్ష్మి అప్పడాల పిండి దంచుతోంది. మినప్పిండి ముద్దకి నూనె రాసి, రోలులో వేసి, ఒక్కో పోటుకి ఊపిరి బిగబట్టి వదులుతుంది. పిండి ఎంత దెబ్బతింటే అప్పడం అంత బాగా పొంగుతుందని ఆవిడ సిద్ధాంతం. కోడళ్ల విషయంలోనూ ఆవిడ సిద్ధాంతం అదేనని వెంకమ్మ బజారులో అంటూ ఉంటుంది. సుధ అమెరికా వెళ్లిపోతే ఒత్తడానికి రెండు చేతులు తగ్గిపోతాయని, అందుకే ఆవిడ ఈ వీసా సంగతి ఏనాడూ నోరు తెరిచి అడగదని కూడా అంటుంది. సుధ ఆ మాట కొట్టిపారెయ్యలేదు. ఆవిడ నిజంగానే ఏనాడూ అడగలేదు.

సుధ మొగుడు అమర్ అమెరికా నుంచి ఫోన్ చేశాడు. ఇక్కడ తెల్లవారితే ఇండియానాలో రాత్రి. గిడ్డంగిలో పని దిగి, కారులో కూర్చుని మాట్లాడుతున్నాడు. సుధ ఫోన్ని పిండి డబ్బాకి ఆనించి పెట్టి, ఉండలు చేస్తూ, బర్మావాళ్ల పద్ధతిలో మొగుడి పేరు ముందు 'కో' చేర్చి అడిగింది.

"కో అమర్, ఆ ఏడు పన్ను కాగితంలో పెళ్లి కాలేదని రాసావా?"



"నాను రాయలేదు సుదా. పన్ను కాగితాలు రాసే ఆయన రాసినాడు. పెళ్లయిందా అన్నాడు. అయిందన్నాను. ఆవిడ అమెరికా పన్ను నంబరు సెప్పు అన్నాడు. నంబరేటి, ఆవిడ రంగూన్లో ఉంది అన్నాను. నంబరు లేదా, అయితే సింగిల్ అని నొక్కీసినాడు."

"నువ్వు ఊరుకున్నావా?"

"ఎనక జనం వరస కట్టున్నారు."

సుధ చేతిలో ఉండ నలిగిపోయింది. దాన్ని మళ్లీ గుండ్రంగా చుట్టింది. నలుగురిలో తనకి పెళ్లాం ఉందని రెండోసారి చెప్పడానికి సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు పోయిపోయి, సముద్రం దాటి వచ్చి, నిన్న బల్ల మీద కూర్చున్న నలుగురిలో తన నెత్తిన పడింది.

"పోనీ, బ్రహ్మచారి అనిపించుకున్నందుకు పన్ను ఏమైనా తగ్గిందా?"

"నేదు. ఇద్దరం కలిపి ఏసుంటే తగ్గేదంట. మరుసటేడు కోర్టు కాగితం సూపిస్తే సెప్పినాడు."

"అంటే దండుగ కట్టి మరీ అబద్ధం ఆడావు."

అమర్ నవ్వబోయి మానేశాడు. సుధ సుశాంత్ చెప్పిన దారి చెప్పింది. అమర్ ఊపిరి వదిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. "అదే సెయ్యండి. ఇక్కడ నానేటీ దిద్దక్కర్లేదు కదా," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక వీరలక్ష్మి రోకలి ఆపింది. "కార్తీకంలో పందిట్లో నీ మెడలో తాడు కట్టినోడెవుడంట మరి? ఆడి తమ్ముడా?"

"తమ్ముడు లేడు కదత్తా."

"అందుకే అడుగుతన్నాను." ఆవిడ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. సుధ ఎదురుచూసింది, ఇప్పుడు వద్దంటుంది, ఆలస్యమైతే ఆవిడకే మంచిది కదా అనుకుంటూ. "ఎక్కడ పెట్టాలంట సంతకం?" అంది వీరలక్ష్మి. "రేపు బేగి ఎల్లి వొచ్చీద్దుం. మజ్జానం కొట్టు తియ్యాల."

*

గుడి పెద్ద ధర్మరాజు ఆ సాయంత్రం ఆఫీసు గదిలోనే దొరికారు. కళ్లజోడు తుడుచుకుని, గుడి పేరు అచ్చేసిన కాగితం తీసి, సంగతి పూర్తిగా వినకుండానే రాయడం మొదలుపెట్టారు.

"నిశ్చితార్థం అని రాయాలా, తాంబూలాలు అని రాయాలా అమ్మా? నిశ్చితార్థం అంటే ఇంగ్లీషులో తేలిగ్గా వస్తుంది."

"మీకు ఎలా వీలైతే అలా మావయ్యగారూ."

"మనవాళ్లకి ఇలాంటివి రాసి రాసి చెయ్యి తిరిగిపోయింది. ఒకాయనకి పెళ్లి ముందుకి జరిపాను. ఇంకోడికి వయసు వెనక్కి జరిపాను. జరిపినవన్నీ ఎక్కడో ఒకచోట కుదురుకున్నాయి." ఆయన కలం సాఫీగా నడుస్తోంది. "నువ్వేం బెంగపెట్టుకోకు. జరిగిందేమిటో దేవుడికి తెలుసు. ఆయన ఈ ఉత్తరాలు చదవడు."

సుధ ఆ కలాన్నే చూస్తూ నిలబడింది. పెళ్లినాడు ముహూర్తం దాటిపోతోందని పురోహితుణ్ని తొందరపెట్టింది ఈయనే. ముహూర్తం ముఖ్యమమ్మా, అది తప్పితే మళ్లీ రాదు అన్నారు. భోజనాల దగ్గర పప్పుచారులో ఉప్పు చాలలేదని వంటవాళ్లని పిలిపించి గోల చేసిందీ ఈయనే. ఉప్పు చాలకపోతే ఊరుకోని మనిషి పెళ్లి చాలకపోయినా ఊరుకున్నారు. కాస్త ఇబ్బంది పడి, ఇలా రాయకూడదమ్మా అని ఒక్క మాట అని, ఆ తరవాత రాసి ఇచ్చినా బాగుండేదనిపించింది. తను అడిగిన పని తనకి చేసిపెడుతున్న మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి తనకి హక్కు లేదని కూడా తెలుస్తూనే ఉంది.

"ఆ రోజున మా ఆలయంలో వధూవరుల నిశ్చితార్థము మాత్రమే జరిగినది," అని ఆయన పైకి చదివి, 'మాత్రమే' కింద గీత గీసి, ముద్ర కొట్టారు.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాక సుధ తన చెయ్యి ఏం చేస్తోందో చూసుకుంది. ఆ చెయ్యి పుస్తెలతాడుని జాకెట్టు లోపలికి తోస్తోంది. దారిన పోయేవాళ్లలో ఆ తాడు ఏమిటో తెలిసినవాళ్లు కూడా లేరు. అయినా చెమట పట్టింది.

*

ప్లీడరు గది కోర్టుకి దగ్గర్లో, ఒక టీ కొట్టు మీద ఉంది. ఆయన బర్మా ఆయన, పెద్దవాడు. కిళ్లీ బుగ్గన పెట్టుకుని మాట్లాడతాడు. టైపు చేసే అమ్మాయి కాగితం ఎక్కించి తయారుగా ఉంది. వీరలక్ష్మి ఉతికిన చీర కట్టుకుని, నూనె రాసి జుట్టు బిగించి దువ్వుకుని వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ వేళ్ల గోళ్లలో మినప్పిండి ఇంకా తెల్లగా ఉంది.

"డో వీరలక్ష్మి," అని ఆయన గుర్తింపు కార్డు చూసి మొదలుపెట్టాడు. పేరు ముందు ఆడవాళ్లకి డో, మగవాళ్లకి ఊ పెట్టడం బర్మా మర్యాద. "భర్త పేరు?"

వీరలక్ష్మి కోడలి వైపు చూసింది. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు, పోయినవాడిదైనా సరే.

"ఏడుకొండలు," అంది సుధ. టైపు అమ్మాయి ఆ పేరుని బర్మా అక్షరాల్లోకి ఎక్కించడానికి రెండుసార్లు చెప్పించుకుంది.

"మీ పెళ్లి ఎక్కడ జరిగింది?"

"ఆ గుడిలోనే బాబూ. కోడలి పెళ్లి జరిగిన గుడే." అని, నాలిక కరుచుకుని దిద్దుకుంది. "అదే, నిశ్చితార్తం."

"కోర్టు కాగితం ఉందా మీకు?"

"మా రోజుల్లో ఎవులు తీసారు?"

ప్లీడరు కళ్లజోడు మీదనుంచి చూసి నవ్వాడు. "అయితే ఈ కాగితం ప్రకారం మీకూ ఇంకా నిశ్చితార్థమే అయింది, డో వీరలక్ష్మీ. పెళ్లి ఎప్పుడు పెట్టుకున్నారు?"

టైపు అమ్మాయి కిసుక్కుమంది. వీరలక్ష్మి కూడా మర్యాదకి నవ్వింది. సుధకి నవ్వు రాలేదు.

ప్లీడరు కిళ్లీని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాడు. ఈసారి నవ్వకుండా, బర్మాలో నెమ్మదిగా, ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పాడు. "చెప్పకపోతే నాది తప్పవుతుంది, అందుకని చెబుతున్నాను. ఈ దేశంలో మీ హిందువుల పెళ్లికి మీ ఆచారం చాలు. కోర్టులో రాసుకునేది, జరిగిన పెళ్లికి సాక్ష్యం మాత్రమే. ఇప్పుడు మీరేమో మా ఆచారంలో గుడి పెళ్లి పెళ్లి కాదని ప్రమాణం చేస్తున్నారు. బజారులో కొట్టు మీ పేరున ఎలా వచ్చింది?"

"మాయన పోయినాక. పెళ్లానని నా పేరున రాసినారు."

"రేపు ఎవరైనా దాని మీద పేచీ పెట్టి ఈ కాగితం బయటికి తీశారనుకోండి. గెలుస్తారని నేననను. పేచీకి మాత్రం చాలు. ఈ ముసలావిడ ఊ ఏడుకొండలుకి ఏమీ కాదట, తనే రాసిచ్చింది అంటారు."

కింద టీ కొట్టులో గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. వీరలక్ష్మి కొంగు తీసి రెండు భుజాల మీదుగా నిండా కప్పుకుంది. చలి లేదు, ఎదురుగా పరాయివాళ్లు కూడా కొత్తగా ఎవరూ రాలేదు. కప్పుకుని, చేతులు లోపలికి పెట్టుకుని, కాసేపు అలాగే కూర్చుంది. ఆ తరవాత కుడిచెయ్యి ఒక్కటీ బయటికి తీసింది.

"ఎక్కడ పెట్టాల బాబూ సంతకం?"

"అత్తా, ఆయన చెప్పింది విన్నావా?" అంది సుధ తెలుగులో.

"ఇన్నాను."

"విని కూడానా?"

"సచ్చినోడికి పెళ్లాన్ని కాపోతే ఏటి నట్టం. నువ్వు బతికున్నోడి పెళ్లానివి. ఎల్లు."

టైపు అమ్మాయి కాగితం తీసి బల్ల మీద పెట్టి, సంతకం పెట్టవలసిన చోట వేలు ఉంచింది. వీరలక్ష్మి కలం పట్టుకుంది. ఆవిడ తెలుగులోనే సంతకం పెడుతుంది, ఒక్కో అక్షరాన్నీ అప్పడంలా చుట్టూ తిప్పి. 'వీ' మొదలుపెట్టడానికి కలం కాగితానికి తగలబోయింది.

ఒక ఏడాది కాగితంలో ఒక మాట. దాని కోసం సుధ మూడు పూటలుగా అన్నం సరిగ్గా తినలేదు. ఇన్నేళ్ల కాపురాన్ని, ఇద్దరు పిల్లల్ని కనడాన్ని, ఒక చావుని, ఆ తరవాత ఒంటరిగా నడిపిన కొట్టుని తీసుకొచ్చి ఈవిడ ఆ మాట కిందే సంతకంగా పెట్టబోతోంది. తీసుకొచ్చింది ఎవరు? రిక్షా మాట్లాడి, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి మరీ తీసుకొచ్చింది తనే.

సుధ కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"వద్దు. టైపు కూలి ఇచ్చేస్తాను," అంది ప్లీడరుతో. ఆయన ఆశ్చర్యపోలేదు, వద్దనలేదు, కాగితాన్ని రెండుగా మడిచి చెత్తబుట్టలో వేశాడు. ఆ కూలి కూడా తీసుకున్నాడు.

కిందికి దిగాక వీరలక్ష్మి రిక్షా ఎక్కలేదు. "సంతకం పెడతానంటే సెయ్యి అడ్డం పెడతావేటి, నలుగుర్లో?" అంది. నిజంగానే కోపంగా ఉంది. "నానేటి సిన్నపిల్లనా? నానే సిగ్గుపడనేదు, నీకెందుకే సిగ్గు?"

"నాకు సిగ్గేసింది అత్తా."

"దేనికి?"

సుధ రిక్షాని పంపేసి, అత్తగారి చెయ్యి పట్టుకుని సుశాంత్ ఆఫీసు వైపు నడిచింది.

*

"నిజమైన దారి లేదా అండీ?" అని సుధ అడిగినప్పుడు సుశాంత్ కళ్లు పెద్దవి చేశాడు. అలాంటి ప్రశ్న ఆ బల్ల దగ్గర కొత్త.

"లేకేం, ఉంది. ఆ ఏడు కాగితాన్ని మీ ఆయన అక్కడ దిద్దుకోవాలి. సింగిల్ తీసేసి, పెళ్లయింది, పన్ను ఎవరిది వారు వేరుగా అని పెట్టాలి. కలిపి వెయ్యాలంటే మీకు వాళ్ల నంబరు తెప్పించాలి, మీ ఆదాయం కూడా వాళ్లకి చెప్పాలి, బోలెడంత పని. వేరుగా వేస్తే ఆ గొడవ లేదు."

పక్కనే కూర్చున్న వీరలక్ష్మికి ఆ మాట నచ్చలేదు. "పెళ్లయినోళ్లు ఏరుగా ఏటి? ఇంకా కాపరమే ఎట్టనేదు, అప్పుడే ఏరు కాపరమా?"

"పన్ను వరకే అత్తా."

"నంబరు గడిలో?" అని అడిగింది సుధ. "నంబరు లేదనే కదా ఆ మనిషి సింగిల్ అని నొక్కాడు."

"భార్య పరాయి దేశంలో ఉండి నంబరు లేకపోతే ఆ గడిలో ఎన్.ఆర్.ఏ. అని మూడు అక్షరాలు రాయాలి, అంటే అక్కడ ఉండని పరాయిదేశం మనిషి అని."

"అంతేనా?"

"అంతే."

సుధ ఆ మూడు అక్షరాలూ ఒక కాగితం అంచున రాసుకుంది. "మొన్న ఈ మాట చెప్పలేదేం?"

"అందరూ తొందర దారే అడుగుతారమ్మా. మీరూ ఇంకో దారి ఉందా అని అడగలేదు." అతను తప్పు ఆమె మీదికి నెట్టడానికి అనలేదు, జరిగిందే అన్నాడు. సుధ తల దించుకుంది. "ఒకటి మాత్రం చెప్పాలి. దిద్దిన కాగితం నకలు, జరిగింది జరిగినట్టు మీ ఆయన రాసిన ఉత్తరం పట్టుకెళ్లండి. ఆఫీసరు చాలంటే మీ అదృష్టం. పన్నువాళ్ల జవాబు వచ్చాకే రమ్మంటే, ఆరు నెలలో, ఏడాదో. ఆ మధ్యలో రూళ్లు మారిపోతే నన్నడగొద్దు."

"ఆగమంటే ఆగుతాను," అంది సుధ.

మర్నాడు పొద్దున్న అమర్‌తో అదే చెప్పింది. అమర్ చాలాసేపు నసిగాడు.

"ఆ ఉత్తరంలో ఏటని రాయాల? ఎనక జనం ఉన్నారు, సిగ్గేసి ఊరుకున్నాను అని రాయాలా? సదివినోడు నవ్వడా?"

"నవ్వనీ."

"మల్లీ ఆయన దగ్గరికే ఎల్లి దిద్దమని అడగాలంటే తల తీసేసినట్టుంటది సుదా."

"నాకు ఈ నాలుగు రోజులూ అలాగే ఉంది. వెంకమ్మ పిన్ని నాకు రోజూ పూలు ఊరికే ఇస్తోంది, పెళ్లికాని పిల్లని కదా అని." అమర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. "మీ అమ్మ ఏ కాగితం మీద సంతకం పెట్టబోయిందో చెబుతాను, విను. విన్నాక నీకేది సిగ్గో నువ్వే చూసుకో."

చెప్పింది. చివర్న కారు తలుపు తెరుచుకున్న చప్పుడు, బయటి గాలి చప్పుడు వినిపించాయి. "రేపు పనికి సెలవు పెడతాను," అన్నాడు. "పొద్దున్నే ఎల్తాను. ఎనకెవులున్నా సరే."

దిద్దిన కాగితం, ఉత్తరం ఫోన్‌లో వచ్చాక, అచ్చు తీయించడానికి సుధ ఒక్కతే సుశాంత్ ఆఫీసుకి వెళ్లింది. ఉత్తరం పొట్టిగా ఉంది. ఇంగ్లీషు అక్కడక్కడా కుంటుతోంది. పన్ను రాసే ఆయన అడిగిందీ, తను చెప్పిందీ, వెనకాల జనం ఉండటమూ, అన్నీ ఉన్నాయి. సుశాంత్ చదివి, "వాక్యాలు బాగుచెయ్యనా?" అన్నాడు.

"వద్దండి. అలాగే ఉండనీండి."

కాగితాలు సంచిలో పెట్టుకుని లేస్తుంటే, బల్ల మీద తరవాతి వంతు పిల్ల వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇరవై రెండో మూడో ఉంటాయి. చేతులకి గోరింటాకు ఇంకా చెదరలేదు. భర్త ఎక్కడో టెక్సాస్‌లో మాంసం ఫ్యాక్టరీలో చేస్తాడట. సుశాంత్ కొత్త దస్త్రం తెరిచి, అలవాటు ప్రకారం అడిగాడు.

"పెళ్లి ఎప్పుడయిందమ్మా?"

ఆ పిల్ల గది చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "గుడిలోదా అండీ, కోర్టుదా?" అంది.

సుశాంత్ కలం ఆగింది. అతను తలుపు దగ్గరున్న సుధ వైపు చూశాడు. సుధ వెనక్కి వచ్చి, బల్ల చివర ఖాళీలో, ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"గుడిలోదే చెప్పు," అంది, అందరికీ వినబడేలా. "అయితే ముందు మీ ఆయనకి ఫోన్ చేసి, అక్కడ ఏం రాశాడో కనుక్కో."